భవానీపురంలో గేమింగ్ సిస్టమ్: లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి?

ఈఏపీసెట్ ర్యాంకులు వచ్చే రోజుల్లో భవానీపురం స్వాతి సెంటర్ నుంచి గొల్లపూడి దాకా ఎన్నో ఇళ్లలో ఒకటే చర్చ నడుస్తుంది. "సీటొస్తే సిస్టమ్ కొనిస్తాను" అని నాన్న ఎప్పుడో మాటిచ్చి ఉంటాడు. కొడుకు ఫోన్‌లోనో, కూతురి ఫోన్‌లోనో అప్పటికే రెండు మూడు కొటేషన్లు సిద్ధంగా ఉంటాయి. నాన్న లెక్కలో ఆ సిస్టమ్ కోడింగ్ నేర్చుకోవడానికి. పిల్లల లెక్కలో కోడింగ్‌తో పాటు వాలరెంట్‌కీ, జీటీఏకీ కూడా. బేరం సాగి సాగి చివరికి 50 వేలకీ 70 వేలకీ మధ్య ఎక్కడో తేలుతుంది. మధ్యతరగతి ఇంట్లో ఆ డబ్బు ఒక్కసారే బయటికొస్తుంది. బీటెక్ పూర్తయ్యేదాకా మళ్లీ అడిగే వీలుండదు. అందుకే ఏ పార్టు ఎందుకు కొనాలో మొదటి నుంచి చివరి దాకా ఒకసారి చూసుకోవడం అవసరం.

సలహాలకు కరువు లేదు. యూట్యూబ్ తెరిస్తే 40 వేలకొకటి, 60 వేలకొకటి, లక్షకొకటి లిస్టులు కనిపిస్తాయి. ప్రాసెసర్ గురించి, గ్రాఫిక్స్ కార్డు గురించి అవి చెప్పేదాంట్లో తప్పు తక్కువే. అయితే అవి ఎక్కువగా ఏసీ గదిలో, నిలకడైన కరెంటు మీద, నాలుగడుగుల దూరంలో సర్వీస్ సెంటర్ ఉన్నవాళ్లు రాసుకున్న లిస్టులు. మన దగ్గర మే నెలలో ఎండ 45 డిగ్రీలు తాకుతుంది. పాత ఇళ్లలో త్రీపిన్ సాకెట్ ఉంటుంది కానీ దాని వెనక ఎర్త్ వైరు ఉందో లేదో ఎవరూ చూసి ఉండరు. కార్డు పాడైతే కొరియర్‌లో పోయి తిరిగి రావడానికి వారాలు పడుతుంది. కాబట్టి నా వాదన ఇది: బెజవాడలో బడ్జెట్ సిస్టమ్ లెక్క ఎస్ఎంపీఎస్, క్యాబినెట్, యూపీఎస్, వారంటీల దగ్గర మొదలవ్వాలి. వాటికి పోగా మిగిలిన దాంట్లో ఎంత పెద్ద కార్డు వస్తే అంత పెద్దది తీసుకోవాలి. మన కుర్రాళ్లు చేసేది సరిగ్గా దీనికి తలకిందులు.

అసలు డెస్క్‌టాపే ఎందుకన్న ప్రశ్నకి ఎక్కువ చోటు అక్కర్లేదు. హాస్టల్లో ఉండేవాళ్లకి ల్యాప్‌టాప్ తప్ప గత్యంతరం లేదు. ఇంట్లో ఉండి చదువుకునేవాళ్లకి అదే డబ్బుతో డెస్క్‌టాప్ ఎక్కువ బలం ఇస్తుంది, వేడిని బాగా తట్టుకుంటుంది, ఒక పార్టు పోతే ఆ ఒక్కటే మార్చుకోవచ్చు. గేమింగ్ కన్సోల్ మంచి వస్తువే కానీ దాని మీద ఆటోక్యాడ్ నడవదు, కాలేజీ ప్రాజెక్టు చేయలేం.

కొటేషన్ అడిగే ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. ఏ గేమ్స్ ఆడతారు? ఏ మానిటర్ మీద ఆడతారు? వాలరెంట్‌కి 60 ఫ్రేములు చాలనుకుంటే జీటీ 730 లాంటి పాత కార్డు సరిపోతుందని ఆ గేమ్ తయారుచేసిన రయట్ సంస్థే చెప్పింది. అదే గేమ్‌ని 144 హెర్ట్జ్ మానిటర్ మీద పోటీకి ఆడాలంటే ప్రాసెసర్ బలంగా ఉండాలి, కార్డు మధ్యరకమైనా ఫరవాలేదు. సైబర్‌పంక్ 2077 లాంటి గేమ్స్ ఆడాలనుకునేవాళ్లకి కార్డే ప్రాణం. 2024 డిసెంబర్‌లో వచ్చిన ఇండియానా జోన్స్ గేమ్, 2025 మేలో వచ్చిన డూమ్ ది డార్క్ ఏజెస్ రెండూ రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ లేని కార్డు మీద నడవనే నడవవు. జీటీఎక్స్ 1650, 1660 కార్డులకి ఆ తలుపులు మూసుకున్నట్టే. మానిటర్ సంగతికొస్తే ఈ బడ్జెట్‌లో 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ, 100 నుంచి 180 హెర్ట్జ్ లోపు ఐపీఎస్ ప్యానెల్ తీసుకుని ఆగిపోవడం మంచిది. ఫోర్‌కే మానిటర్ కొనిపెట్టుకుంటే దానికి తగిన కార్డు కొనడానికి ఇంకో 40 వేలు కావాలి.

ఇక అందరూ చివర చూసే ఎస్ఎంపీఎస్, అంటే పార్టులన్నిటికీ కరెంటు అందించే డబ్బా. షాపులో క్యాబినెట్‌తో పాటు "450 వాట్స్" అని అంటించిన ఒక తేలికపాటి డబ్బా ఇస్తుంటారు. దాన్ని చేత్తో పట్టుకుంటేనే బరువు లేదని తెలిసిపోతుంది. పక్కన అంటించిన పట్టిక చదవండి. ప్లస్ 12 వోల్ట్ అన్న గీత ఎదురుగా ఎన్ని ఆంపియర్లు రాశారో చూసి 12తో గుణించండి. అక్కడ 16 ఉంటే ప్రాసెసర్‌కీ కార్డుకీ కలిపి అందేది 192 వాట్లే. ఈ రెండూ బతికేది 12 వోల్టుల మీదే కనుక పైన రాసిన 450 ఒట్టి మాట. మంచి 550 వాట్ల ఎస్ఎంపీఎస్ మీద అదే గీత ఎదురుగా 45 ఆంపియర్లు, అంటే 540 వాట్లు కనిపిస్తాయి. ఆర్‌ఎక్స్ 6600 కార్డు 132 వాట్లు, ఆర్‌టీఎక్స్ 4060 కార్డు 115, ఆర్క్ బీ580 కార్డు 190 వాట్లు తీసుకుంటాయి. ఆరు కోర్ల ప్రాసెసర్ బరువు మీదున్నప్పుడు 75 నుంచి 115 దాకా లాగుతుంది. ఫ్యాన్లు, ఎస్ఎస్‌డీ కలుపుకున్నా మొత్తం 300 అటూ ఇటూ. కాబట్టి పేరున్న కంపెనీ 550 వాట్ల బ్రాంజ్ ఎస్ఎంపీఎస్ చాలు. ఐదేళ్ల వారంటీ ఉన్నది దొరికితే వెయ్యి ఎక్కువైనా అదే తీసుకోవాలి. నాసిరకం డబ్బా పేలితే తనొక్కటే పోదు, బోర్డునీ కార్డునీ తీసుకుపోతుంది.

దీని పక్కనే ఎర్తింగ్. "క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోంది" అన్న ఫిర్యాదు మన ఊళ్లో కొత్తది కాదు. చాలామంది ఇది కంప్యూటర్ లోపం అనుకుని షాపు మీదికి వెళ్తారు. ఎస్ఎంపీఎస్‌లో కరెంటు అలజడిని వడకట్టే ఫిల్టర్ ఉంటుంది. అందులోని చిన్న కెపాసిటర్లు ఫేజ్‌నీ న్యూట్రల్‌నీ ఇనప బాడీకి కలుపుతాయి. ఎర్త్ ఉంటే ఆ కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే బాడీ మీద సుమారు 115 వోల్టులు నిలబడతాయి. కరెంటు అతి స్వల్పం కనుక జివ్వుమనడంతో సరిపోతుంది కానీ, హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టేటప్పుడు పోర్టు పోయే అవకాశం ఉంది. లోపల నిజంగా ఇన్సులేషన్ దెబ్బతిన్న రోజున మాత్రం అది ప్రాణం మీదికొస్తుంది. సిస్టమ్ ఇంటికి రాకముందే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మీటరుతో చూపించండి. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 230 వోల్టులు, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య దాదాపు సున్నా రావాలి. ఎర్త్ వైరు లేదని సాకెట్లోనే న్యూట్రల్‌ని ఎర్త్ పిన్నుకి కలిపేస్తామనే వాళ్లుంటారు. గట్టిగా వద్దనండి. న్యూట్రల్ ఎక్కడైనా తెగితే క్యాబినెట్ బాడీ అంతా నేరుగా ఫేజ్ అవుతుంది.

కరెంటు పోయే ఇంట్లో యూపీఎస్ విలాసం కాదు. 600 వీఏ అని రాసినది సాధారణంగా 360 వాట్లే ఇస్తుంది. చిన్న కార్డు పెట్టుకున్నవాళ్లకి గేమ్ సేవ్ చేసుకుని ఆపుకునేంత సమయం దాంతో వస్తుంది. బీ580 లాంటిది పెట్టుకుంటే 1 కేవీఏ తీసుకోవడం మేలు. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నవాళ్లు దాన్ని యూపీఎస్ మోడ్‌లో పెట్టి చూడండి, చాలాసార్లు అదే పని చేస్తుంది. కరెంటు బిల్లు గురించి అమ్మానాన్నలకుండే భయానికి జవాబు కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 300 వాట్ల సిస్టమ్ రోజుకి 4 గంటలు గేమ్ ఆడితే నెలకి 36 యూనిట్లు. మన రాష్ట్ర గృహ టారిఫ్‌లో 126 నుంచి 225 యూనిట్ల శ్లాబులో యూనిట్ 6 రూపాయలు కనుక అది 216 రూపాయలు. వేసవిలో ఏసీ నడిచి మొత్తం 225 దాటితే ఆ పై శ్లాబు ధర 8.75, అప్పుడు 315. ఇతర చార్జీలు దీనికి అదనం.

వేడి విషయంలో క్యాబినెట్ పాత్ర మన దగ్గర చాలా పెద్దది. గది ఒక డిగ్రీ పెరిగితే లోపలి పార్టు కూడా ఇంచుమించు ఒక డిగ్రీ పెరుగుతుంది. 25 డిగ్రీల గదిలో 72 దగ్గర నడిచిందని వీడియోలో చూపించిన కార్డు, మే నెల మధ్యాహ్నం 38 డిగ్రీల గదిలో 85కి చేరుతుంది. ఆ వేడికి కార్డు తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. ముందు అద్దం, చుట్టూ రంగు లైట్లు ఉన్న క్యాబినెట్ చూడ్డానికి బాగుంటుంది కానీ గాలి రాదు. ముందు మెష్, రెండు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి, లైట్లు లేకపోయినా ఫరవాలేదు. హైదరాబాద్ హైవే పక్కన ఉండేవాళ్లకీ, థర్మల్ స్టేషన్ ఉన్న ఇబ్రహీంపట్నం వైపు ఉండేవాళ్లకీ దుమ్ము బాధ ఎక్కువ. వాళ్లకి తీసి కడుక్కునే వీలున్న డస్ట్ ఫిల్టర్ ఉండి తీరాలి.

సిస్టమ్‌ని నేల మీద పెట్టొద్దని చెప్పడానికి 2024 సెప్టెంబర్ మొదటివారం చాలు. బుడమేరు పొంగి సింగ్‌నగర్ మొదలు మన పశ్చిమ భాగం కాలనీల దాకా ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. ఆ రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.4 లక్షల క్యూసెక్కులతో పారింది. నీట మునిగిన పార్టుకి ఏ కంపెనీ వారంటీ ఇవ్వదు. కింది పోర్షన్లో ఉండేవాళ్లు టేబుల్ మీద చోటు చూసుకోవాలి.

ఇప్పుడు ప్రాసెసర్. ఈ బడ్జెట్‌లో ఎక్కువమంది వెళ్లే దారులు రెండు: ఇంటెల్ 12వ తరం ఐ3-12100, ఐ5-12400 ఒకటి, ఏఎండీ రైజెన్ 5 5600 ఇంకొకటి. మూడూ 2022లో వచ్చినవి, మూడూ ఫుల్ హెచ్‌డీ గేమింగ్‌కి ఇప్పటికీ చాలు. పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్న ఇంటెల్ ప్రాసెసర్ కాస్త చవక, అందుకే ప్రతి లిస్టులోనూ అదే కనిపిస్తుంది. ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు. కార్డు వారంటీకి పోయిన రోజున ఆ సిస్టమ్ తెర మీద ఏమీ రాదు. ఎఫ్ లేనిది కొంటే కేబుల్ బోర్డుకి మార్చుకుని సెమిస్టర్ ప్రాజెక్టు చేసుకోవచ్చు. పై వెయ్యో రెండు వేలో నేను ఇక్కడ నిస్సంకోచంగా పెట్టిస్తాను. రైజెన్ 5 5600లో కూడా లోపల గ్రాఫిక్స్ లేదన్నది మరిచిపోకూడదు.

డబ్బు ఒకేసారి కుదరనివాళ్లకి రైజెన్ 5 5600జీ మంచి మెట్టు. ముందు కార్డు లేకుండా వాలరెంట్ ఆడుకుంటూ, ఏడాదికి కార్డు కొనుక్కోవచ్చు. ఒక జాగ్రత్త కావాలి. ఇందులో పీసీఐ ఎక్స్‌ప్రెస్ మూడో తరం వరకే ఉంది. నాలుగే లేన్లున్న ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీని దీనికి తగిలిస్తే ఆ కార్డు సగం ఊపిరితో నడుస్తుంది. ఎనిమిది లేన్ల ఆర్‌ఎక్స్ 6600కి ఆ ఇబ్బంది తక్కువ.

ర్యామ్ మీద ఈమధ్య పెద్ద దెబ్బ పడింది. 2025 చివరి నెలల్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో మెమరీ ధరలు ఒక్కసారిగా ఎగిశాయి. ప్రపంచంలో ఈ చిప్పులు తయారుచేసే పెద్ద కంపెనీలు శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ మూడే. అందులో మైక్రాన్ తన క్రూషియల్ పేరుతో మామూలు జనానికి అమ్మే వ్యాపారాన్నే ఆపేస్తున్నట్టు డిసెంబర్‌లో ప్రకటించింది. డీడీఆర్5 ర్యామ్ తప్ప వేరేది పట్టని ఏఎండీ కొత్త ఏఎం5 బోర్డు వైపు వెళ్తే, ప్రాసెసర్ మీద మిగిల్చినది ర్యామ్ మింగేస్తుంది. ఏఎం5కి ముందుముందు కొత్త ప్రాసెసర్లు వస్తాయన్నది నిజమే, కానీ నాలుగేళ్ల దాకా మళ్లీ డబ్బు రాని ఇంటికి ఆ లాభం ఎంతవరకు? డీడీఆర్4 కూడా పెరిగినా, పాత సిస్టముల నుంచి తీసిన ర్యామ్ మంచి ధరకి దొరుకుతుంది, వాడింది కొన్నా భయం తక్కువ. మెమ్‌టెస్ట్86 పెట్టి రాత్రంతా వదిలేస్తే బాగోగులు తెలిసిపోతాయి. 16 జీబీ కావాలంటే ఒక్క 16 కంటే రెండు 8లు వేయించండి. లోపలి గ్రాఫిక్స్ మీద ఆడేవాళ్లకి ఈ ఒక్క మార్పుతోనే ఫ్రేములు బాగా పెరుగుతాయి.

కార్డు దగ్గర మనసు ఆగదు, అది సహజం. టవర్ మీద పెట్టే డబ్బులో 35 నుంచి 40 శాతం దానికి పోవచ్చు. ఆర్‌ఎక్స్ 6600 ఈ తరగతిలో ఇప్పటికీ గట్టి బేరం. 8 జీబీ మెమరీ, తక్కువ కరెంటు. ఆర్‌టీఎక్స్ 4060, 5060 కార్డులు వేగంలో దాన్ని దాటతాయి. వీడియో ఎడిటింగ్, బ్లెండర్, మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టులు చేసేవాళ్లకి ఎన్విడియా వైపు మొగ్గడంలో అర్థం ఉంది. వాటికీ 8 జీబీయే ఉండటం మాత్రం నాకు నచ్చని విషయం. కొత్త గేమ్స్‌లో టెక్స్‌చర్లు పూర్తిగా పెంచితే ఫుల్ హెచ్‌డీలోనే 8 జీబీ నిండిపోతోంది. 12 జీబీతో 2024 డిసెంబర్‌లో వచ్చిన ఇంటెల్ ఆర్క్ బీ580 ఈ లోటు తీర్చింది. అయితే దానికి రీసైజబుల్ బార్ అనే సదుపాయం ఉన్న బోర్డు ఉండి తీరాలి, రైజెన్ 5 5600 లాంటి ప్రాసెసర్‌తో కొన్ని గేముల్లో వెనకబడుతుంది కూడా. అందరూ పొగిడారని పాత సిస్టమ్‌కి దీన్ని తగిలించుకుంటే నిరాశే.

ఇరవై వేల లోపు "గేమింగ్ పీసీ" అని ఆన్‌లైన్లో కనిపించే రెడీమేడ్ సిస్టముల గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. "కోర్ ఐ5, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు" అని రాస్తారు. ఏ తరం ఐ5 అన్నది రాయరు. తెరిచి చూస్తే పదేళ్లు దాటిన ప్రాసెసర్, దానికో కొత్త చైనా బోర్డు, 4 జీబీ డీడీఆర్3 ఉన్న జీటీ 730 బయటపడతాయి. ఆ కార్డు 2014 నాటిది, దానికి కొత్త గేమ్ డ్రైవర్లు ఆగి కూడా ఏళ్లు దాటింది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. ఈ పాత ప్రాసెసర్లు విండోస్ 11 జాబితాలో లేవు. విండోస్ 11 మీద వాలరెంట్ ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ రెండూ ఉండాలి. అంటే పిల్లవాడు ఏ గేమ్ కోసం కొన్నాడో అదే రేపు తెరుచుకోకపోవచ్చు. కొటేషన్లో ఐ5 అన్న మాట పక్కన పూర్తి నంబర్ లేకపోతే అక్కడే ఆగిపోవాలి.

అలాగని వాడిన వస్తువులన్నీ చెడ్డవని కాదు. ప్రాసెసర్, ర్యామ్ నిర్భయంగా తీసుకోవచ్చు. ఇంటెల్ 13, 14వ తరం ఐ7, ఐ9లు మాత్రం వదిలేయండి. ఎక్కువ వోల్టేజీతో అవి దెబ్బతింటున్నాయని తేలి 2024 ఆగస్టులో సరిదిద్దే అప్‌డేట్ ఇచ్చారు కానీ, అప్పటికే దెబ్బతిన్నది దాంతో బాగుపడదు. కార్డు అయితే కళ్లముందు నడిపించి చూడాలి. 2022 సెప్టెంబర్‌లో ఎథీరియం మైనింగ్ ఆగిపోయాక ఆ కార్డులు గుట్టలుగా మార్కెట్లోకి వచ్చాయి. జీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్ పెడితే పేరు మార్చిన కార్డు దొరికిపోతుంది. ఆర్‌ఎక్స్ 580 అని అమ్మేవాటిలో 2048ఎస్‌పీ రకం నిజానికి ఆర్‌ఎక్స్ 570తో సమానం. జీటీఎక్స్ 1060, 1050 టీఐ లాంటి పదో వరస కార్డులకి ఎన్విడియా 2025 అక్టోబర్‌తో కొత్త గేమ్ డ్రైవర్లు ఆపేసింది, ఇక మిగిలింది భద్రతా అప్‌డేట్లే. వాడిన ఎస్ఎంపీఎస్, హార్డ్ డిస్క్ ఎంత చవకైనా వద్దు.

ఎక్కడ కొనాలి? గవర్నర్‌పేట షాపులో కొంటే ధర కాస్త ఎక్కువ కావచ్చు, కానీ పోయినప్పుడు మొహం చూపించి అడగడానికి మనిషి ఉంటాడు. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో రకాలు ఎక్కువ, బేరమూ కుదురుతుంది, వారంటీకి మళ్లీ 275 కిలోమీటర్లు వెళ్లాలి. ఆన్‌లైన్ ధర చూపించి లోకల్ షాపులో బేరమాడటం తప్పేమీ కాదు, చాలామంది తగ్గిస్తారు. ఎక్కడ కొన్నా "బిల్లు వద్దనుకుంటే 18 శాతం తగ్గిస్తా" అన్న మాటకి లొంగొద్దు. మూడేళ్ల వారంటీకి ఆధారం ఆ జీఎస్టీ బిల్లే. ప్రాసెసర్ కంపెనీ పెట్టెలో వచ్చిందో, విడిగా ట్రేలో వచ్చిందో అడగండి. ట్రేలో వచ్చినదానికి బాధ్యత అమ్మినవాడిదే, కంపెనీది కాదు.

సిస్టమ్ బిగించాక దాన్ని అట్టపెట్టెలో సర్దనివ్వకండి. అక్కడే మానిటర్ తగిలించి, కేబుల్ బోర్డుకి కాకుండా కార్డుకే పెట్టారో లేదో చూడండి. టాస్క్ మేనేజర్‌లో ర్యామ్ వేగం చూడండి. 3200 కిట్ కొన్నప్పుడు అక్కడ 2133 కనిపిస్తే ర్యామ్‌ని పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ సెట్టింగ్ బయోస్‌లో వేయలేదని అర్థం. విండోస్‌లో మానిటర్ 60 హెర్ట్జ్ దగ్గరే ఉందేమో చూసి మార్పించండి. కార్డు మీద పూర్తి బరువు పెట్టి అరగంట నడిపించి వేడి ఎంత వస్తుందో చూడండి. కార్డు, బోర్డు, ర్యామ్, ఎస్ఎంపీఎస్, ఎస్ఎస్‌డీల సీరియల్ నంబర్లు బిల్లు మీద రాయించుకోండి. ఈ అరగంటకి ఒప్పుకోని షాపులో డబ్బు కట్టొద్దు.